ఎన్నిసార్లు ఇల్లు వదిలారు?

ముకెలబై వరద నష్టం అంచనా వేసే ఉద్యోగి. జాంబెజి నది పొంగితే ఏ ఇంటికి ఎంత నష్టమో ముందే లెక్కగట్టడం అతని పని. అతణ్ణి దోనెలో తిప్పడం నా పని. పొద్దున్నుంచీ ఇళ్లున్న ఏ దిబ్బ ఎక్కినా గడప ఎత్తు కొలవడం, ఒకటే ప్రశ్న అడగడం, తల గోక్కోవడం. "వరదకి ఎన్నిసార్లు ఇల్లు వదిలారు?"

మా మైదానంలో అడగాల్సిన ప్రశ్నేనా ఇది! నీళ్లు రాగానే డప్పులు మోగించుకుంటూ, మంచి బట్టలు కట్టుకుని, సామానంతా దోనెల్లో వేసుకుని మిట్టకి పోతాం. నీళ్లు దిగాక తిరిగొస్తాం. పోకుండా ఉండిపోయినవాణ్ణి దోనె లేని దరిద్రుడని ఆటపట్టిస్తాం. ఆఫీసు రూలు వేరట. మూడుసార్లకి మించి వదిలితే ఆ చోటు కాపురానికి పనికిరాదట, ఆ ఇంటివాళ్లను శాశ్వతంగా మిట్టకి పంపేస్తారట. ఆ రూలు రాసిన మహానుభావుణ్ణి తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

చివరి దిబ్బ ముకెలబై తల్లి నోసికుది. మాకు సంకటీ పుల్లటి పెరుగూ పెట్టి, కొడుకు ప్రశ్న విని పకపకా నవ్వింది.

"ఏటా వదుల్తూనే ఉన్నాగా! నువ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా వదిలాను. రాసుకో."

"అమ్మా, ఒక్కసారే అని చెప్పవే."

"ఒక్కసారా? నాకేం దోనె లేదనుకున్నావా? నలుగురిలో తలెత్తుకోనివ్వవా నన్ను?"

"ఏటా అని రాస్తే నిన్నిక్కడ ఉండనివ్వరమ్మా."

"ఎవరు? నీళ్లా?"

"ఆఫీసువాళ్లు."

"నీళ్లే ఏటా నన్ను తిరిగి రానిస్తాయి కదరా. వాళ్లెందుకు రానివ్వరు? నాకేం అర్థం కావట్లేదు."

"నాకూ అర్థం కావట్లేదమ్మా," అన్నాడు ముకెలబై. అతని మొహం చూస్తే జాలేసింది.

ఆవిడ ముందున్న సంకటి చల్లారిపోయింది. చివరికి, "సరే, ఒక్కసారనే రాయి," అంది తల వంచుకుని. అతను గబగబా రాశాడు. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

మమ్మల్ని సాగనంపడానికి ఆవిడ దోనె దాకా వచ్చింది. అప్పటికే కొత్త నీరు గడ్డిలోకి పాకుతోంది.

"ఒరేయ్ నాన్నా, రాసేశావు కదా. మరి ఈసారి డప్పులు మోగితే నేను దోనె ఎక్కకూడదా? ఇక్కడే కూర్చోవాలా?"

ఎక్కొచ్చు అనబోయి ఆగిపోయాడు ముకెలబై. ఎక్కితే అదీ ఎవరైనా లెక్కపెడతారేమో. నా వైపు చూశాడు. నాకేం తెలుసు? ఆవిడ జవాబు కోసం అక్కడే నిలబడింది. నీళ్లు ఆవిడ పాదాల మీదికి వచ్చాయి.