పదిన్నరకే లాంగ్ బెల్

మొన్న బుధవారం మా ఇస్కూలు పొద్దున్న పదిన్నరకే వదిలీసినారు. సెలవూ కాదు, బందూ కాదు. నా వల్ల! నవ్వకండి, టీ తాగుతా ఇనండి.

బరంపురంలో దిగపహండి బస్సులెల్లే రోడ్డు మీద ఓ ఇంగ్లీష్ మీడియం ఇస్కూలు మాది. నేను కంప్యూటర్ టీచర్ని. కంప్యూటర్ టీచరంటే ఏటంటే, ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నేనే, ప్రిన్సిపాల్ మేడం ఫోన్ నిండిపోయినా నేనే. ఆఖరికి స్టాఫ్ రూంలో ఫేను తిరక్కపోయినా నన్నే పిలుస్తారు!

బెల్లు కూడా నా నెత్తినే. ఆఫీసులో ఓ పాత కంప్యూటరుండీది. అందులో ప్రోగ్రాం టైమ్ సూసుకొని స్పీకర్లలో బెల్లు కొట్టీది. ప్రేయర్‌కి, పీరియడ్లకి, సాయంత్రం ఇంటికెల్లడానికి లాంగ్ బెల్. ఈ మధ్య ఆ కంప్యూటర్ సచ్చిపోనాది. కొత్తది కొన్నారు. పాత ప్రోగ్రాం కొత్తదాంట్లో నడవనంటాది! అప్పుడు నేను తెలివి సూపించినాను. కొత్త కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టినాను. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారు. దాంట్లో పాత ప్రోగ్రాం ఎక్కించినాను. బెల్లు మోగినాది. మేడం అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు.

మర్నాడు లంచ్ బెల్లు ఎంతకీ మోగదు! పక్క క్లాసులో ఒడియా సార్ సెప్పిన పాఠమే మళ్ళీ సెప్తన్నారు. నా క్లాసులో పిల్లలు "మిస్, భొక లాగుచి" అని కడుపులు పట్టుకుంటన్నారు. ఆకలెయ్యదేటి మరి? ఆఫీసుకి పరిగెట్టి సూస్తే, లోపలి మెషిన్‌లో ఇంకా మూడో పీరియడే నడుస్తాంది.

ఏటయిందంటే, బయటి కంప్యూటర్ని ఎవరూ ముట్టకపోతే అది నిద్దరోతాది. దాంతోపాటు లోపలిదీ నిద్దరోతాది. లేచాక బయటిది టైమ్ సరిజేసుకుంటాది, దానికి బ్యాటరీ గడియారం ఉంది కాబట్టి. లోపలిదానికి సొంత గడియారమేదీ? కునుకు పట్టిన సంగతే దానికి తెలీదు! ఆగిన కాడి నుంచే మళ్ళీ లెక్కెట్టుకుంటాది.

సరే, నిద్దరోకుండా సెట్టింగ్ మార్చినాను. అయినా రోజూ కొంచెం కొంచెం ఎనకబడిపోతాది! పొద్దున్నే వచ్చి సేత్తో సరిజెయ్యడమే నా పని. "మేడం, ఇవాళ మీ బెల్లుకి అటెండెన్స్ ఉందా?" అని నాతో ఒడియా సార్ ఎటకారం. ఒళ్ళు మండిపోయీది.

మంగళవారం సాయంత్రం విశాఖపట్నంలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ సేసినాను. వాడి ఉద్యోగమే ఈ మెషిన్లు సూసుకోడం.

"ఒరే, దీని టైమ్‌తో నా పరువు పోతాంది. ఏటి సెయ్యాలో సెప్పు."

"సెట్టింగుల్లో టైమ్ సింక్ అని ఉంటాది, టిక్ పెట్టక్కా. బయటిదాని టైమ్ లోపలిదానికి అందుతాది."

"అంతేనా?"

"అంతే. గాని టైమ్ జోన్ ఒకసారి..."

"సరేరా, కూర మాడిపోతాంది" అని పెట్టీసినాను.

బుధవారం ఇస్కూలు సూడ్డానికి ట్రస్టు పెద్దలొచ్చినారు. "మాకు బెల్లు కూడా ఆటోమేటిక్కే" అని మేడం వాళ్ళని తిన్నగా నా కుర్చీ ఎనక్కే తెచ్చి నిలబెట్టినారు. నేను స్టైలుగా టిక్ పెట్టినాను.

బెల్లు మోగినాది. ఎంటనే ఇంకోటి. ఇంకోటి! లంచ్ బెల్లు! మళ్ళీ పీరియడ్ బెల్లు! ఆఖరికి లాంగ్ బెల్!

బయటిది మన టైమే ఇచ్చింది. లోపలిది దాన్ని లండన్ టైమనుకొని, ఇండియా కదా అని ఐదున్నర గంటలు కలిపీసుకుంది! పదిన్నర కాస్తా సాయంత్రం నాలుగైపోనాది. మధ్యలో మోగాల్సిన బెల్లులన్నీ వరసగా కొట్టీసింది.

పిల్లలకి లాంగ్ బెల్ అంటే లాంగ్ బెల్లే, ఎండ ఎక్కడుందో సూస్తారేటి? బ్యాగులేసుకొని "హో" అని మెట్లు దిగిపోతన్నారు. పిల్లలు మౌసా అని పిలిచే వాచ్‌మన్ బాబాయి కూడా, పాపం, గేటు బార్లా తీసీసినాడు. బయట ఆటోల్లేవు, అమ్మానాన్నల్లేరు, బస్సులు మాత్రం దూసుకుపోతన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోనాయి. కుచ్చిళ్ళెత్తి పట్టుకొని పరిగెట్టి, గేటుకడ్డంగా రెండు సేతులూ సాపి నిలబడిపోనాను.

"ఎవరూ ఎల్లొద్దు! బెల్లు తప్పు!"

ఒకటో క్లాసు పిల్ల నా సెయ్యి కింద నుంచి దూరబోతా, "తప్పు కాదు మిస్, నేను విన్నాను" అన్నాది.

ఒడియా సారూ మిగతా టీచర్లూ వచ్చి అందర్నీ ఎనక్కి తోలినారు. ఒక్కరూ రోడ్డెక్కలేదు, అదే పదివేలు.

రొప్పుకుంటా ఆఫీసుకొచ్చి తమ్ముడికి ఫోన్ సేస్తే, "పొద్దున్న సేవ్ సేసిన కాపీ ఉందా అక్కా? ఉంటే దానికి ఎనక్కెల్లిపో" అన్నాడు. ఉంది. పొద్దున్న ప్రేయర్‌కి ముందు టైమ్ సరిజేసినప్పుడు దాచిందే, నొక్కినాను. పాత సెట్టింగులొచ్చినాయి, వాటితో పాత టైమూ వచ్చీసింది! ఆ మెషిన్‌కి మళ్ళీ తెల్లారినాది. ప్రేయర్ బెల్లు కొట్టింది!

ఇంటికెల్లే ఆశ పోయిన పిల్లలు ఏడుపు మొహాలతో వరసల్లో నిలబడి ప్రార్థన మొదలెట్టీసినారు. ట్రస్టు పెద్దలు కూడా సేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. మేడం ఒక్కరే కళ్ళు తెరిచి నన్ను సూస్తన్నారు.

ప్రార్థనయ్యాక నెమ్మదిగా "కణ హేలా?" అన్నారు. ఏటయిందని ఏటి సెప్పను? "మేడం, లండన్‌లో..." అని మొదలెట్టినాను. సెయ్యెత్తి ఆపీసినారు.

ఇప్పుడు ఆఫీసు వరండాలో ఓ రైలు పట్టా ముక్క ఏలాడదీసినారు. పక్కన సుత్తి. కొట్టే డ్యూటీ ఎమ్మెస్సీ కంప్యూటర్స్ సదివిన నాది! సేతికి వాచీ ఉంది, ఎదురుగా గోడ గడియారం ఉంది, ఇంక తప్పెలా పోతాదిలే అనుకున్నాను.

నిన్న లంచ్ బెల్లు పావుగంట లేటు. అప్పటిదాకా ఏటి సేస్తన్నానంటారా? వర్చువల్ మెషిన్‌లో టైమ్ తప్పకుండా ఉండాలంటే ఏటి సెయ్యాలో, ఓ వీడియో సూస్తా కూకుండిపోనాను!