మడుగు పసుపెక్కిన ఏడాది కెల్లూ

మా మడుగులోకి ఎప్పుడు దిగాలో చెప్పే పెద్దరికం కెల్లూది. చాద్ సరస్సు పక్కన, ఇసుక దిబ్బల నడుమ ఉన్న ఆ చవుటి మడుగు మీద ముదురాకుపచ్చ మీగడ కడుతుంది. దాన్నే దిహే అంటాం. ఆడవాళ్ళం పొద్దున్నే ఆనపబుర్రలతో తోడి, ఇసుకలో పోసి ఆరబెట్టి, కూరల్లోకి బిళ్ళలుగా కోస్తాం. కెల్లూ చెయ్యెత్తేదాకా ఒక్కరి కాలూ తడవకూడదు. ఆవిడ చెయ్యెత్తే తీరు చూస్తే సూర్యుడు కూడా ఆవిడనడిగే లేస్తాడనిపించేది. ఇరవై రెండేళ్ళు అలా ఏలింది. ఆవిడ తర్వాత ఆ పెద్దరికానికి తగినదాన్ని నేనేనని నేనెవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

మగవాడు మాత్రం మడుగులో కాలు పెట్టరాదు. పెడితే మడుగు గొడ్డుపోతుంది. ఆ ఏడాది కెల్లూ మొగుడు మల్లూమ్, గాలికెగిరిన తలపాగా వెంట పరుగెత్తి నడుంలోతు దిగిపోయాడు. తొమ్మిదో రోజుకి మడుగంతా పసుపెక్కింది.

మేమంతా కెల్లూ వాకిట్లో చేరాం.

"మీ ఆయన పాదం మహిమే వదినా ఇది" అంది యకాకా. ఆమెకి నోరు మూసుకునే అలవాటు లేదు.

"వచ్చే శుక్రవారానికి మడుగు తేరుకోకపోతే పెద్దరికం దిగిపో" అన్నాన్నేను. ఎవరో ఒకరు అనాలి కదా.

"నేనెందుకు దిగాలే? దిగినవాడు వీడు!" అంది కెల్లూ. "మడుగు తేరుకునేదాకా వీడికి ఏ ఆడదీ ముద్ద పెట్టదు. సరేనా?"

మల్లూమ్ గడప బయటే కూలబడ్డాడు. "పోనీ, అడుగంటింది పెట్టవే."

"అడుగంటించింది కూడా ఆడదే."

"పిండి ఇస్తే నేనే వండుకుంటా."

"దంచిందెవరు?"

అతను లేచి వెళ్ళి చేప కాల్చుకోబోయి, కూర్చున్న చాప తగలబెట్టుకున్నాడు. నాలుగు రోజుల్లో మొలతాడు రెండు చుట్లు తిరిగింది.

మంగళవారం నాడు పట్నం నుంచి దెనెమాజీ అనే నీళ్ళు పరీక్షించే పిల్ల వచ్చింది. బుర్రెడు నీళ్ళు తీసి, ఒక చుక్కని భూతద్దంలో చూసింది.

"చచ్చిపోలేదు పిన్నీ. ఆకలి మీదున్నాయి" అంది.

"ఏవి?"

"ఈ నలకంత ప్రాణులు. ఎండని పట్టి బతకడానికి వీటి ఒంట్లో నీలం రంగు మాంసకృత్తులుంటాయి, వలల్లాగా. తిండి కరువైతే ఆ వలల్నే కోసుకు తింటాయి. నీలం పోతే మిగిలేది ఈ పసుపే. వల లేదు కాబట్టి ఎండ ఎక్కువ పట్టుకుని మాడిపోయే భయమూ తగ్గుతుంది. తిండి తగిలితే రెండు మూడు రోజుల్లో మళ్ళీ అల్లేసుకుంటాయి."

"వాటి తిండేంటి?"

"పేడా పంచితం నీళ్ళలో ఊరి దిగుతాయి చూడండి, అందులో ఉంటుంది. ఈ ఏడాది ఏమైనా మార్చారా?"

కెల్లూ కొంగు సర్దుకుంది. ఎగువ గట్టు మీద మంద నిలవకూడదని, దిహేకి పేడ వాసన పడుతోందని, పశువుల కాపరుల్ని తరిమింది ఆవిడే. ఆ రోజు మేమందరం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను. ఇప్పుడు మాత్రం అందరం దిబ్బల కేసి చూశాం.

సాయంత్రం కెల్లూ వాకిట్లోంచి మల్లూమ్ గొంతు పీలగా వినిపించింది. "తప్పు నా మీదే వేసెయ్యవే. దిగిన మాట నిజమేగా. నీ పెద్దరికం పోతే నువ్వు బతకలేవు."

"నోర్ముయ్. నువ్వూ నిన్నే కోసుకు తింటున్నావు, మొహం చూడు, మడుగులాగే ఉంది."

మర్నాడు పొద్దున గట్టు మీద అందరి ముందూ నిలబడింది. "మడుగు పసుపెక్కింది వీడి వల్ల కాదు. మడుగుని గొడ్డు చేసే సత్తువ వీడికెక్కడిది? మందని తరిమి ఆకలికి మాడ్చింది నేను." ఆ మాట అనేసి వెళ్ళి సజ్జ ముద్ద తెచ్చి, అందరం చూస్తుండగా మొగుడి చేతిలో పెట్టింది. అతను నమలకుండానే మింగాడు.

మందని వెనక్కి పిలిచాం. గట్టు కడిగిన నీళ్ళు కొద్దికొద్దిగా మడుగులోకి వదిలాం. శనివారానికి మీగడ ముదురాకు రంగుకి తిరిగింది.

శుక్రవారం గడువు దాటింది కాబట్టి పెద్దరికం తీసేశాం. గడువు గడువే. మగవాడి పాదం వల్ల ఏమీ కాలేదంటే మా అమ్మమ్మలు అబద్ధాలకోరులా? అందుకని బాగా ఆలోచించి, మడుగు అసలు మల్లూమ్‌ని మగవాడిగానే లెక్కపెట్టలేదని తేల్చాం. పస్తులుంచినప్పుడు పల్లెత్తు మాట అనని మనిషి, దానికి మాత్రం మూడు రోజులు అలిగాడు.

పెద్దరికం నాకే వచ్చింది. రోజూ గట్టు మీద నేనే నిలబడతాను. మీగడ ఎప్పుడు పండిందో నా కంటికి బొత్తిగా ఆనదు. వెనక వరసలో కెల్లూ దగ్గుతుంది. నేను చెయ్యెత్తుతాను.