మగ్గాల ఇషారా

దేవరకొండలో మా నేతగాళ్ల వాడకొచ్చి గుడుంబా అమ్మేవాణ్ణి నేనొక్కణ్ణే కిందపడేసి పట్టుకున్నానని మనవళ్లకు చెబుతుంటాను. వాళ్లు నమ్ముతారు, పాపం.

నిజానికి వాణ్ణి పట్టించిన ఉపాయం పక్కింటి వదినది. ఆమె పెనిమిటి తాగుడికి మరిగి మగ్గం మీద కూర్చోవడమే మానేశాడు. ఆమె పోలీసు చౌకీకి వెళ్లి అమీన్ సాబుకు మొరపెట్టుకుంది.

"మేమొచ్చేసరికి వాడు ఉరుకుతుండు. మీరే జర ఇషారా ఇయ్యాలె" అన్నాడాయన.

"వాడు రాంగనే మగ్గాలన్నీ ఒక్కసారే ఆపుతం సాబ్. సప్పుడు ఆగితే మీరు రాండ్రి."

చౌకీ మా వాడ చివరే. గుడుంబా డబ్బాతో వాడు అడుగుపెట్టగానే వాడంతా మూగబోయింది. జవాన్లు వచ్చి పట్టుకున్నారు. నేను మాత్రం మగ్గం గుంటలో కాళ్లు తిమ్మిరెక్కి లేవలేక, కూర్చున్నచోటి నుంచే "పట్టుకోండ్రి" అని అరిచాను.

"ఇగ లే మరిదీ, పట్టుకున్నరు" అని నవ్వింది వదిన.

కొన్నాళ్లకు ఒక పొద్దున వాళ్లింట్లోనూ మగ్గం మోగింది. అటుగా పోతున్న అమీన్ సాబు గుమ్మం దగ్గర ఆగాడు.

"ఏందమ్మా, గిది కొత్త ఇషారానా?"

"కాదు సాబ్. మా ఆయన నేస్తుండు."