అంకన్న ఉన్నితాళ్లు

తర్లుపాడు పడమటి మెట్టల్లో గొర్రెలు కాసిన అంకన్నకు అక్షరం రాదు. అయినా కర్నూలు రాజధాని అయిన ఏటి నుంచి పడిన ప్రతి వానా ఆయన దగ్గర ఉంది. మంద వెనక నడుస్తూనే కదురుతో ఉన్ని వడికేవాడు. మృగశిర కార్తె మొదలు దీపావళి దాకా రోజుకొక ముడి. ఎండిన రోజుకు తెల్ల ఉన్ని, వాన రోజుకు నల్ల ఉన్ని. ఏడాదికొక తాడు.

పన్నెండు తాళ్లు పక్కపక్కన వేలాడేసరికి నల్ల ముళ్లు ఒకచోట గుంపుకట్టి, ఆగి, మళ్లీ గుంపుకట్టడం కనిపించింది. గుంపుకూ గుంపుకూ మధ్య సుమారు నలభై ముళ్లు. ఇది ఆయనకు ఎవరూ చెప్పలేదు. వేళ్లతో తడిమి కనిపెట్టాడు.

"వానదేవుడి గుమస్తా వచ్చినాడు, లేవండి" అని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. చేస్తూనే అడిగేవాళ్లు. అందరికంటే ఎక్కువ అడిగింది చెల్లెలు కొండమ్మ. మొగుడు పోయి, అరవై గొర్రెలతో అన్న పక్కింట్లోనే ఉండేది. పొద్దు గూకితే గోడ మీదుగా అరిచేది.

"ఇంకెన్ని దినాలన్నా?"

ఆయన తాడు తడిమి చెప్పేవాడు. రెండు మూడు రోజులు అటూ ఇటుగా నిజమయ్యేది.

పందొమ్మిది వందల అరవై అయిదులో శ్రావణం ఎండిపోయింది. మేత అయిపోతే మందలన్నీ నల్లమల ఎక్కడం ఇక్కడి అలవాటు. ఊళ్లో మందలున్న గురుస్వామి వాళ్లు బయలుదేరుతూ అంకన్నను పిలిచారు.

"ఆఖరి నల్ల గుంపు పోయి ముప్పై రెండు ముళ్లయినాయి. ఎనిమిది దినాలు ఆగండిరా."

"నీ తాడు నువ్వు మేపుకో మామా, మేం పోతాండాం" అని వాళ్లు పోయారు. కొండమ్మ ఆగింది. ఆమె గొర్రెలు సగం చూడివి. అంత దూరం నడిపిస్తే నెల నిండకుండానే ఈసుకుపోతాయని భయం. అన్న మాట ఆ భయానికి ఆసరా అయింది.

నలభై వచ్చింది. యాభై, అరవై వచ్చాయి. అప్పటికి నడిచే ఓపిక గొర్రెలకు లేదు. తుమ్మకాయలు దులిపారు, ఇంటికప్పు బోదగడ్డి పీకి వేశారు. అన్నవీ పోయాయి, చెల్లెలివీ పోయాయి. అక్కణ్నించి పదమూడో తాడు కొస దాకా తెల్ల ముళ్లే. ఆ తర్వాత ఆయన ఇంకో తాడు మొదలుపెట్టలేదు.

కొండమ్మ మార్కాపురం పలకల గనికి కూలికి పోసాగింది. "ఆయన చెప్పినాడని కాదు, నేనే ఆగినా" అని అందరికీ చెప్పేది. అన్నను ఒక్క మాట అనలేదు. గోడ మీదుగా అడగడం మాత్రం మానేసింది. రెండేళ్లు.

నేను కర్నూల్లో బి.ఎస్సీ. మధ్యలో వదిలేసి ఆ రెండేళ్ల చివర్లో మా ఊరికి వచ్చాను. ఎందుకన్నది ఇక్కడ అనవసరం. ఒక సాయంత్రం అంకన్న నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టి తాళ్లన్నీ ఒళ్లో వేశాడు.

"చదువుకున్నోడివి. పన్నెండేళ్లు నిలిచిన నలభై, ఆ ఏడు యాడికి పోయింది?"

మా లెక్చరరు చెప్పినదాంట్లో గుర్తున్నంత చెప్పాను. "పైన గాలిలో అలలుంటాయి పెదనాయనా. రెండు రోజుల్లో దాటిపోయేవి కొన్ని, వారం ఉండేవి కొన్ని. వాటి దారిన అవి పోతే ఏమీ లేదు. కానీ కలబడతాయి. ఒకటి ఇంకోదాని బలం లాక్కుంటుంది, ఇంకోటి దాన్ని తోస్తుంది. ఆ తోపులాటలో నుంచే నెలా నెలన్నర పట్టే నిదానమైన ఊపు పుట్టవచ్చు అంటారు. పెద్దవాళ్లకే ఇంకా పూర్తిగా తేలలేదు."

ఆయన ఒక తాడు తీసుకుని నల్ల ముళ్లు ఒక్కొక్కటే తడిమాడు.

"మంద మాదిరి" అన్నాడు చివరికి. "ఒక్కో గొర్రె గబగబా అడుగేస్తది, పక్కదాన్ని కుమ్ముతది. ఎవురూ తోలరు. అయినా మంద మందంతా నిదానంగా ఎడమకి ఒరుగుతది, మళ్లా కుడికి ఒరుగుతది."

"అదే."

"ఆ ఒరుగుడు ఎప్పుడూ ఒక లెక్కన ఉండదు. గొర్రెలు పల్చబడితే ఒక రకం, దారి మారితే ఒక రకం. ఒక్కోసారి అసలు తిరగనే తిరగదు..."

అక్కడ ఆగిపోయాడు. తాను అన్న మాట తనకే వినపడింది.

"ముప్పై ఏళ్లు మంద ఎనకాల నడిచినా. ఇది నాకు తెలిసిన సంగతే గదరా నాయనా."

ఓదార్చడం నాకు చేతకాదు. "నీ లెక్క తప్పు కాదు. వానను మాటిచ్చిన మనిషి అనుకున్నావు. అది తప్పు" అన్నాను.

అప్పుడే కొండమ్మ గని నుంచి వచ్చి, గోడ అవతల చేతులకంటిన బూడిదరంగు పలకపొడి కడుక్కుంటోంది. పడమట మబ్బు పట్టి ఉంది. అంకన్న లేచి గోడ దగ్గరికి పోయాడు.

"కొండమ్మా. వాన ఎప్పుడొస్తదో నాకు తెలీదు."

ఆమె చెంబు కింద పెట్టింది.

"ఆ మాట ఆ పొద్దు చెప్పుంటే నా గొర్రెలు అడివిలో మేస్తా ఉండేటియన్నా."

రెండేళ్లకు బయటికొచ్చిన మాట అది. అంకన్న గోడ పట్టుకుని "అవునమ్మా" అన్నాడు. ఆమె ఏడ్చింది. ఆయన తల దించుకుని ఆమె ఏడుపు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆ చలికాలమే అంకన్న పోయాడు. పలకల కట్టలు కట్టుకోవడానికి పనికొస్తాయంటూ తాళ్లు కొండమ్మ తీసుకుపోయింది. మొన్న కొండమ్మ ఇంటికి పోయాను. పదమూడూ చిలక్కొయ్యకు అట్లనే వేలాడుతున్నాయి.