నార్వే చెక్కల వంకర తీశాను

వంకర అంటే నాకు గిట్టదు. ఇక్కడి ఉక్కు ప్లాంటులో ముప్పై రెండేళ్లు రైలుపట్టాలు సరిచేసే మిషను దగ్గరే గడిపాను. వంకరగా వచ్చినదాన్ని తిన్నగా పంపడమే నా ఉద్యోగం. రిటైరై కోహ్కా పేటలో ఇంట్లో కూర్చున్నాక ఆ రోగం గోడల మీదికి మళ్లింది. కేలండరు సరిచేసేవాణ్ని, అద్దం సరిచేసేవాణ్ని, తీగ మీద ఆరేసిన చీరల అంచులు కూడా కలిపేవాణ్ని. నెల తిరక్కుండానే మా ఆవిడ దండం పెట్టింది. "మీకు పున్నెవుంటాది, ఎక్కడైనా పన్లోకెల్లండి. నాకు పిచ్చెక్కిపోతంది."

అలా పక్కనే ఫ్యాక్టరీలుండే హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న కార్ఖానాలో చెకింగు పనికి కుదిరాను. ఓనరుది మా విజయనగరం వైపే గానీ పుట్టి పెరిగింది ఈ హిందీ ఊళ్లోనే. నన్ను బాబాయ్ అంటాడు. ఈమధ్య మాత్రం "బాబాయ్, మీ కళ్లు ఠీకేనా?" అని వారానికోసారి అడగడం మొదలుపెట్టాడు. ఇంతలో నార్వే నుంచి ఆర్డరు వచ్చింది. అడవిలో నరికిన దుంగల్ని పట్టి ఎత్తే ఉక్కు పంజాలు. "ఈ మాల్‌లో ఒక్క తప్పు దొరికినా మీరింక ఇంటికాడ ఆరామ్ చెయ్యడవే" అన్నాడు. ఆరామ్! మా ఆవిడ ఎదురుగా!

పంజాలు చూసుకోడానికి నార్వే ఆయన స్వయంగా వచ్చాడు. వాళ్ల పంచాయతీ అంతా అడవేనట, మధ్యలో అక్కడక్కడ ఇళ్లట. కొట్టుకెళ్లాలన్నా బడికెళ్లాలన్నా చలికాలమంతా కాళ్లకి పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచు మీద జారుకుంటూ పోతారట. వాళ్ల నాన్న చేతుల్తో చేసిన జారుడు చెక్కల జత ఒకటి ఓనరుకి బహుమతిగా ఇచ్చి, ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్‌కి వెళ్లిపోయాడు. "రేపు ఆయనొచ్చే లోపల ఆఫీసు గోడకి తగిలించండి బాబాయ్" అన్నాడు ఓనరు.

పొద్దున్నే ఆ చెక్కల సంచి విప్పి చూద్దును కదా, రెండు చెక్కలూ ముందు కొసన పైకి లేచిపోయి ఉన్నాయి. అయ్యో, అంత దూరం ప్రయాణం, మన ఎండ, పాపం చెక్క వంకరపోయింది అనుకున్నాను. రెండూ ఒకేలా వంకరపోవడం చూశాకైనా అనుమానం రావాలి కదా. రాలేదు. మంచు మీద జారేవాళ్లని టీవీలో చూడకపోలేదు. కాని మనిషి ఎప్పుడు పడతాడా అని చూస్తాం గానీ చెక్క కొసలు ఎవడు చూస్తాడు?

టీకొట్టు నుంచి మరిగే నీళ్లు తెప్పించాను. గోనెసంచులు తడిపి కొసలకి చుట్టి, మెత్తబడ్డాక ఇనుప బల్లకి అదిమి క్లాంపులు బిగించాను. మధ్యాహ్నానికి దారం పట్టి చూస్తే దారానికీ చెక్కకీ సందు లేదు. నాకే ముచ్చటేసింది.

ఆయన వచ్చాడు. చెక్క ముందు భాగాన్ని చేత్తో తడిమాడు. "వంపు ఏమైంది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"తీసేశాను సార్" అన్నాను గర్వంగా.

ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. ముందు కొస పైకి లేవకపోతే చెక్క మంచులోకి దిగబడి మనిషి మొహం మీద పడతాడని మెల్లగా చెప్పాడు. వాళ్ల నాన్న పోయి చాలా కాలమైందని కూడా చెప్పాడు.

"ఏటి చేసీసినారు బాబాయ్!" అని ఓనరు తల పట్టుకున్నాడు. "చాలు. రేపట్నించి రాకండి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం సంగతి అటుంచి, చచ్చిపోయినాయన చేతిపని చెడగొట్టాను. ఆ మాటే ఆయనతో నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకున్నాను.

 ఆయన లేచి క్లాంపులు చూశాడు, గోనెలు చూశాడు. వాళ్ల నాన్న కూడా ఇలాగే వేడి పెట్టి వంచేవాడన్నాడు. చొక్కా చేతులు మడిచి "నీళ్లు తెప్పించు" అన్నాడు.

చెరో చెక్క పట్టుకున్నాం. ఆయనది చక్కగా లేచింది. నా చేతులు మాత్రం ఎంతకీ మాట వినలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క వంకర పెట్టిన పాపాన పోలేదు మరి. ఆయన నా చేతుల మీద తన చేతులు వేసి నొక్కితే గానీ నాది సగమైనా లేవలేదు.

చేతులు కడుక్కుని పంజాల దగ్గరికి వెళ్లాడు. ఒక కన్ను మూసి, ఒక్కో పంజానీ అచ్చం నాలాగే చూశాడు.  ఆఖరి పంజా దాకా చూసి కాగితం మీద సంతకం పెట్టాడు. "వంపు ఉండాల్సిన చోట కూడా ఉండనివ్వని మనిషి ఈ పంజాల్లో ఏం వదులుతాడు?" అని ఓనరుతో నవ్వుతూ అన్నాడు.

ఓనరు నా వంక చూడకుండా "రేపు ఎనిమిదింటికి వచ్చీయండి బాబాయ్" అన్నాడు.

మర్నాడు నేను వెళ్లేసరికి చెక్కలు గోడకెక్కి ఉన్నాయి. నా చెక్క కొస పక్కదానికంటే నాలుగు వేళ్లు కిందికి ఉంది. చెయ్యి ఒకటే దురద. కాని ఓనరు వాటిని సీలింగుకి ఆనించి కొట్టించాడు. ఆఫీసులో ఉండే నిచ్చెన కూడా తీయించేశాడు.