మిద్దె మీద ఏకిన దూది

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి, మేం తాయిఫ్‌లో ఒక మిద్దె మీది గదిలో ఉండేవాళ్లం. సౌదీ అంటే అందరూ ఎండే అనుకుంటారు. తాయిఫ్ కొండ మీది ఊరు. చలికాలంలో గోడ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. మా నాయన ఒక దానిమ్మతోట కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, డ్రైవరు. గది ఆ కఫీల్‌దే, కరెంటూ ఆయనదే.

ఆ ఏడు చెల్లెలు పుట్టింది. దానికి జలుబు తగ్గేది కాదు. అమ్మ హీటరు ఆపేది కాదు. హీటరు వైపు ఒళ్లు కాలేది, రెండో వైపు వణికేది. ఒకరోజు కఫీల్ పైకొచ్చి, ఒక్క గదికి ఇంత కరెంటా, హీటరన్నా తీయండి, గదన్నా ఖాళీ చెయ్యండి అన్నాడు. నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. వేరే గదికి డబ్బు లేదు, ఈ నెలలోనే మీకు ఎగ్జిట్ వీసా కొట్టించి ఇంటికి పంపిస్తానని అమ్మతో అన్నాడు. అంటే ఆయన ఇక్కడ, మేం కడప దగ్గర పల్లెలో. మళ్లీ ఆయన్ని ఎన్నేళ్లకు చూస్తామో. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

మా జేజి, నాయనను కన్న తల్లి, హజ్‌కు వచ్చి అప్పుడు మాతోనే ఉంది. ఆమె మా రజాయిలు రెండూ వొత్తి చూసింది. లోపల దూది గడ్డకట్టి, ఉన్నచోట రాయి, లేనిచోట ఉత్త గుడ్డ.

"ఇంట్లో దూదేకులోడు ఉండి ఈ గతేందిరా?" అంది నాయనతో.

మేం దూదేకులవాళ్లం. దూది ఏకి రజాయిలు కుట్టడం మా తాతల పని. ఆ సంగతి నాయన ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. తోటి ముసల్మానుల్లోనే కొందరు మమ్మల్ని తక్కువగా చూస్తారు. అందుకని షేకులమని చెప్పుకున్నాడు. చేత విల్లు పట్టి దూది ఏకుతుంటే ఇంకేం దాస్తాడు? ఆ భయానికే హీటరు కొన్నాడు గానీ రజాయి విప్పలేదు.

మర్నాడు నాయన పనికి పోగానే జేజి మిద్దె మీద రజాయిలు విప్పేసింది. విల్లు పట్టడం మగవాళ్ల పని. ఆమె రెండు బెత్తాలతో దూదిని కొట్టసాగింది. నేను గాలికి అడ్డంగా దుప్పటి పట్టుకున్నాను. మధ్యాహ్నానికి ఆమె భుజం లేవలేదు. అప్పుడే నాయన వచ్చాడు.

"మానం తీస్తాండావే అమ్మా! పక్కగదిలో కర్నూలోళ్లు చూస్తే ఏమంటారు?"

"ఏకేది దూదేరా, దొంగసొత్తు గాదు."

పక్కగది అక్క అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"ఓహో! దూదేకులోళ్లా మీరు? ఇన్నాళ్లూ షేకులమంటిరే!"

నాయన ముఖం నల్లబడింది. జేజి తలెత్తలేదు.

"అవునమ్మా, దూదేకులోళ్లమే. నీ రజాయి గూడా రాయి మాదిరే ఉంటాది, ఎత్తకరా."

అక్క ఫక్కున నవ్వింది. నవ్వుతూనే లోపలికి పోయి నిజంగానే ఎత్తుకొచ్చింది. నాయన చరచరా మెట్లు దిగిపోయాడు. కోపంతో వెళ్లాడనుకున్నాను. కాసేపటికి తోట నుంచి బలమైన దానిమ్మ కొమ్మ తెచ్చి, వంచి, నైలాను తాడు బిగించి, దూది ముందు కూర్చున్నాడు. తాడు మోగింది. దూది నురగలా లేచింది.

"ఇది హీటరంత వేడిగా ఉంటాదా జేజీ?" అని అడిగాను. ఆమె రెండు మంచు ముక్కలు తెప్పించి, ఒకటి పళ్లెంలో పెట్టింది, ఒకటి ఏకిన దూదిలో చుట్టింది. పళ్లెంలోది నీళ్లయ్యాక దూది విప్పితే రెండో ముక్క ఇంకా గట్టిగానే ఉంది.

"దూదికి వేడెక్కడిదే పిచ్చిదానా? లోపలిది బయటికి పోనీదు, బయటిది లోపలికి రానీదు. వేడి నీ ఒంట్లోనే ఉండాది."

ఆ రాత్రి హీటరు పెట్టలేదు. మిగిలిన దూదిని గుడ్డలో కుట్టి జేజి తలుపు సందుకు అడ్డం పెట్టింది. చెల్లెలు తెల్లవారుజామున ఫజర్ నమాజు దాకా కదలకుండా నిద్రపోయింది. నాయన మళ్లీ ఎగ్జిట్ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆయన లేడు, జేజి లేదు, నా మొగుడూ లేడు. ఇదే తాయిఫ్‌లో నాలుగిళ్లల్లో పనిచేసుకుంటున్నాను. ఒళ్లు అరిగిపోయింది. చలికాలం వస్తే నా రజాయి నేనే విప్పి, కొట్టి, కుట్టుకుంటాను. కానీ ఆ రోజును తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది వెచ్చదనం కాదు, తాడు మోగగానే మా నాయన భుజాలు కిందికి దిగిన తీరు. ఏళ్ల తరబడి మోసిన మూట దించినట్టు దిగాయి. కష్టం నేను చాలా మోశాను, ఇంకా మోస్తున్నాను. ఆ మూట మాత్రం ఎత్తుకోలేదు. ఏ ఇంట్లో పనికి చేరినా, మీరెవరు అని అడిగితే, దూదేకులవాళ్లమని మొదటి మాటలోనే చెప్పేస్తాను.