లింగమూర్తి దిద్దిన దరఖాస్తు

తప్పున్న కాగితమంటే లింగమూర్తికి గిట్టదు. కూకట్‌పల్లి ఇళ్ల సహకార సంఘంలో ఆయన గుమాస్తా. శుభలేఖ ఇవ్వబోతే ముహూర్తం అడగడు, అచ్చుతప్పులు ఎర్రసిరాతో దిద్ది వెనక్కి ఇస్తాడు. ఒకసారి బస్సు బోర్డు మీద ఊరి పేరు తప్పు రాశారని అలిగి, మియాపూర్ దాకా నడిచే వెళ్లాడు మహానుభావుడు!

డెబ్బై నాలుగు జూన్‌లో పంతులమ్మ పుణ్యవతి ఆయన పాలబడింది. భర్త రామ్మోహనరావు ప్రెస్సు పెడదామని తెనాలిలో ఇల్లు తాకట్టు పెట్టాడు. ప్రెస్సు మునిగింది, ఇల్లు వేలమైంది. ఇప్పుడు ఆమె తన పేరున అప్పు తీసుకుని, సంఘం ఇచ్చిన స్థలంలో రెండు గదులు వేసుకోవాలనుకుంది. ఆగస్టు ఆఖరుకల్లా అప్పు మంజూరు కాకపోతే స్థలం ఇంకొకరిది.

దరఖాస్తులో "భర్త ఇల్లు ఎప్పుడైనా వేలమైందా?" అన్న గడి దగ్గర ఆమె కలానికి మూత పెట్టి, మళ్లీ తీసింది. అయినా నిజమే రాసింది, తేదీతో సహా.

లింగమూర్తి ఆ గడిని చాలాసేపు చూశాడు. "నీలం సిరా నడవదమ్మా. నల్లది గావాలె."

నల్లసిరాతో రాసి తెచ్చింది.

"సంతకం గీత దాటింది. మళ్ల రాయి."

మళ్లీ రాసింది.

"ఇదేంది, నల్లసిరా? నీలంతోని రాయాలె."

"మీరే కదండీ నల్లది కావాలన్నారు!"

"గప్పుడన్న. గిప్పుడు నీలం."

"వేలం సంగతి చూసే ఏడిపిస్తున్నాడండీ," అంది భర్తతో. రామ్మోహనరావు తలదించుకున్నాడు. "అంతా నా వల్లే కదూ!" అన్నాడు. ఆ పూట ఇద్దరికీ అన్నం సహించలేదు.

ఆగస్టు ఇరవై దాటింది. పుణ్యవతి ఏడోసారి వచ్చి గుమ్మంలో నిలబడితే సంఘం అధ్యక్షుడు ఐలయ్య చూశాడు. "ఏంది లింగమూర్తీ, గా పంతులమ్మను ఎన్నిసార్లు తిప్పుతవ్? జర కమిటీ ముంగట పెట్టు!"

"పెడ్త సార్," అని లింగమూర్తి కాగితం చదవకుండానే ముద్ర కొట్టాడు. సాయంత్రానికల్లా అప్పు మంజూరైంది.

"ఇవాళ తప్పేమీ కనబడలేదా అండీ?" అంది పుణ్యవతి, నమ్మలేక.

ఆయన నిబంధనల పుస్తకం తీసి చూపించాడు. ఇంట్లో ఎవరి ఇల్లయినా వేలమై అయిదేళ్లు నిండకపోతే అప్పు ఇవ్వరు. ఒకసారి కమిటీ కాదంటే మళ్లీ అడిగే వీలే లేదు.

"మీ ఆయన ఇల్లు పోయి నిన్నటికి అయిదేండ్లు నిండినయమ్మా."

పుణ్యవతి పుస్తకాన్ని టపీమని మూసింది. "ముందే చెప్తే మీ సొమ్మేం పోయిందండీ! రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదు నాకు!"

"చెప్తే ఫికర్ లేకుంట నవ్వుకుంట వస్తుంటివి. కాయిదం వరుసల పడి ఆగస్టు దాటుతుండె. నీ ఏడుపు మొఖం చూసి గదా, సార్ జాలిపడి పెట్టుమన్నడు!"

ఆమెకు ఒళ్లు మండింది. నాలుగు దులుపుదామని నోరు తెరిచి, పకపకా నవ్వేసింది.